ఆటలో మా మనవడి సంబంధం

నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. ఈ రోజు మనవడు టీవీలో కత్తి వీరుడి ఆట ఆడుతున్నాడు. వీరుడు మనువాడే తోడును మనమే ఎంచుకోవచ్చట. వీడు ఒక వైద్యుణ్ణి ఎంచుకున్నాడు.

వీరుడు ఊళ్ళు తగలబెట్టి తలలు నరుకుతున్నంతసేపూ పక్కనే పకోడీలు తిన్న మా అబ్బాయి అప్పుడు లేచాడు. "ఏందిరా ఇది? మగోడికి మగోడా? ఆపెయ్."

నేను మాత్రం మొన్న మనవరాలికి వచ్చిన క్రోసూరు సంబంధానికి అడిగినవే అడిగాను.

"పిల్లోడిది ఏ ఊరురా? తాగుతాడా?"

"తాగడు నాయనమ్మా. నాకు దెబ్బ తగిలితే కట్టు కడతాడు."

"మీ తాత నాకు మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు. ఖాయం చేసుకో."

"నువ్వు కూడానా అమ్మా? రేపు వీడు నిజంగానే ఒకణ్ణి తీసుకొస్తే?" అన్నాడు మా అబ్బాయి.

మనవడు ఆట ఆపి నా ముఖంలోకి చూశాడు.

"అతన్నీ ఇవే అడుగుతా" అన్నాను.

మా అబ్బాయి అలిగి అన్నం మానేశాడు. పకోడీలు మాత్రం మిగల్చలేదు. తల నరకడం కన్నా కట్టు కట్టడం ఎందుకు పెద్ద తప్పో తెలిసినవాళ్ళు కింద రాయండి, చదివించుకుంటాను.