నాయిన చెప్పిన సాక్ష్యం

మా నాయిన యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసేవాడు. క్యాంపస్ అంచున, తార్నాక దిక్కు, మాకొక క్వార్టరు ఇచ్చారు. ఒక గది, వెనక వంటిల్లు. అందులో నాయిన, అమ్మ, నేను. నేను అప్పుడు బి.ఏ. చదువుతున్నాను. అరవైలు అయిపోవస్తున్న రోజులవి.

తాత కాలం నుంచి మేము క్రైస్తవులమే గాని, చాలా ఏళ్లు అది పేరుకే. నాయిన తాగేవాడు. తాగి వచ్చి గిన్నెలు విసిరేవాడు, అమ్మను కొట్టేవాడు. నేను ఇంటర్‌మీడియట్‌కు సమానమైన పి.యు.సి.లో చేరిన ఏడు, తనతో పనిచేసే ఒకాయన నాయినను తార్నాకలో ఒక ప్రార్థన కూటానికి తీసుకెళ్లాడు. అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. నాయిన ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ తర్వాత మళ్లీ చుక్క ముట్టలేదు. అది నిజం. ఎవరు ఎన్ని అన్నా అది నిజం.

కూటం జరిగేది ఒక పిండి గిర్ని పైన అద్దెకు తీసుకున్న హాల్లో. ఆదివారం గిర్ని మూసే ఉన్నా మెట్ల మీద పిండి పేరుకుని ఉండేది. పైకి వెళ్లేసరికి అందరి చెప్పులూ తెల్లబడేవి. పాస్టరుగారు గుంటూరు వైపు మనిషి, నల్లకుంటలో కాపురం. మంచి గొంతు. ఆయన ఏ వాక్యం తీసుకున్నా చివరికి రెండు మాటల దగ్గరికి వచ్చేవారు. దేవుడు చేసిన మేలు మరువకండి. వెనక ఉన్నవాటిని విడిచిపెట్టి ముందుకు సాగండి.

ఆ రెండో మాట విన్నప్పుడల్లా అమ్మ తలెత్తి చూసేది. అంతలోనే పాస్టరుగారు, "ఇప్పుడు మన బ్రదర్‌గారు సాక్ష్యం చెబుతారు," అనేవారు. దేవుడు తన బతుకును ఎలా మార్చాడో పదిమందిలో నిలబడి చెప్పడమే సాక్ష్యం. ఆ బ్రదర్ దాదాపు ప్రతి వారమూ మా నాయినే.

"ప్రియ సహోదరులారా," అని మొదలుపెట్టేవాడు. "నేను తాగుబోతును. ఒకనాడు పొద్దూకినంక, జోరుగ వాన కొడుతున్నది. నేను తాగి తడుసుకుంట ఇంటికి వచ్చిన. అన్నం కాలేదని నా భార్యను కొట్టిన. గా దెబ్బకు ఆమె ఎడమ చెవి పోయింది. గసొంటి పాపిని నా దేవుడు చెయ్యి వట్టి లేపిండు."

"స్తోత్రం!" అనేవారు అందరూ. అని, తలలు తిప్పి అమ్మ వైపు చూసేవారు. అమ్మ ముఖం కాదు, చెవి. మొదట్లో అమ్మ కొంగు కప్పుకునేది. తర్వాత ఎడమవైపు గోడకు ఆనుకుని కూర్చోవడం నేర్చుకుంది. చెవి గోడ వైపు ఉంటే చూడ్డానికి ఏమీ ఉండదు. నేను ఆమె పక్కనే కూర్చుని మోకాళ్ల మీద చేతులు బిగించుకునేదాన్ని. లేచి వెళ్లాలంటే మగవాళ్ల వరసలన్నీ దాటాలి. సాక్ష్యం మధ్యలో లేచిపోయే కూతురు ఎక్కడైనా ఉంటుందా?

నాయిన మంచి మాటకారి అయ్యాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసింది. వాన ఏడాదికేడాది పెద్దదైంది. మల్కాజ్‌గిరి, లాలాగూడ, ఎక్కడ కూటమైనా పిలిచేవారు. మమ్మల్ని కూడా తీసుకురమ్మనేవారు. కుటుంబం కనబడితే సాక్ష్యానికి బలమట.

ఒకసారి మా కాలేజీ హాస్టల్లో ఉండే ఏలూరు అమ్మాయి ఆ హాలుకు వచ్చింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నాయిన లేచి నిలబడగానే నేను ముఖం అటు తిప్పుకున్నాను. మర్నాడు క్లాసు అయ్యాక ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్నగారు ఎంత ధైర్యంగా చెప్పారండీ! మీ అమ్మగారికి ఇప్పటికీ అస్సలు వినపడదా?" అని అడిగింది. జాలిగానే అడిగింది. నేను బస్సు కోసం కూడా ఆగకుండా, బండలమీద సీతాఫలం పొదల మధ్య నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను. అంత పెద్ద క్యాంపస్‌లో నాకు ఇక తలదాచుకునే చోటు లేదనిపించింది.

ఆ సాయంత్రం అమ్మ బియ్యం చెరుగుతూ ఉన్నట్టుండి అడిగింది. "వెనకటియి ఇడిచిపెట్టుమంటడు గద పాస్టరు. మరి మీ నాయిన వారం వారం ఎందుకు ముందటేస్తున్నడు?"

"దేవుడు చేసిన మేలు చెప్తున్నడమ్మా."

"మేలు చెప్పుమను. నా చెవి ఎందుకు?"

నేను చేట కింద పడిన నూకలు ఏరసాగాను.

తర్వాతి ఏడు ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. మా క్యాంపస్సే దానికి గుండెకాయ. క్లాసులు ఆగిపోయాయి. లాఠీలు, బాష్పవాయువు, రాళ్లు, ఆ పైన కర్ఫ్యూ. లైబ్రరీకి తాళం పడింది. బస్సులు లేవు. నల్లకుంట నుంచి పాస్టరుగారు రాలేరు, మేము గిర్ని దాకా పోలేము.

ఒక్క గదిలో ముగ్గురం. ఎండాకాలం. కిటికీ తెరిస్తే పొగ వాసన, మూస్తే ఉక్క. నాయినకు చేతుల్లో పని లేక తలుపు నుంచి వంటింటి గడప దాకా, గడప నుంచి తలుపు దాకా తిరిగేవాడు. తాగుడు మానాక అతను ఇన్ని రోజులు ఊరికే ఇంట్లో ఉండటం అదే మొదలు. అమ్మ అతని అడుగుల మీదే కన్నేసి ఉంచేది. అతను చెప్పుల్లో కాళ్లు పెడితే చాలు, ఆమె చేస్తున్న పని ఆగిపోయేది. ఎక్కడికని అడిగేది కాదు. నేను పుస్తకం ముందు పెట్టుకుని ఒకే పేజీ చదివేదాన్ని.

ఆదివారం వచ్చింది. "ఇంట్లనే ఆరాధన చేద్దాం," అన్నాడు నాయిన. చాప పరిచాం. ఒక పాట పాడాం. నాయిన వాక్యం చదివాడు, ప్రార్థన చేశాడు. తర్వాత, అలవాటుకొద్దీ కావచ్చు, లేచి నిలబడ్డాడు. గోడకు చేరగిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"ప్రియ సహోదరులారా," అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. తల దించుకున్నాను.

"ఎవలకు చెప్తున్నవ్?" అంది అమ్మ.

నాయిన ఆగాడు. "సాక్ష్యం..."

"ఎవలకు? దేవునికి ఎరుకే. నాకు ఎరుకే. గీడ ఎరుకలేనోళ్లు ఎవలున్నరు?"

నాయిన నా వైపు చూశాడు. నేను చాప వైపే చూస్తున్నాను.

"కూసో," అంది అమ్మ. అతను కూర్చున్నాడు. "ఆ దినం వాన లేదు."

"ఏంది?"

"వాన లేదు. మిట్టమధ్యాహ్నం. ఎండ మండుతున్నది. నేను బయట చింతపండు ఎండబోసి లోపలికొచ్చిన. నువ్వు అన్నానికి వచ్చినవ్. ఆ దినం నువ్వు తాగలే."

అమ్మ గొంతు పెంచలేదు. ఎప్పటి నుంచో మడిచి పెట్టుకున్న బట్ట విప్పుతున్నట్టు ఒక్కో మాటే చెప్పింది.

"ఏదో పుస్తకం తలకిందులు కుట్టిన, సాబు తిట్టిండు అని చెప్పినవ్. నాకు నవ్వొచ్చింది. నవ్విన. గంతే. లేచి కొట్టినవ్. కొట్టి, అన్నం తిని, మళ్ల పనికి పోయినవ్. సార వాసన గూడ లేదు నీ నోట్ల."

ఆ రోజు నాకు తొమ్మిదేళ్లు. బడి నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ చెవికి తడిగుడ్డ అదిమి పట్టుకుని కూర్చుని ఉంది. నేను ఎండలో నడిచి వచ్చాను, దాహంతో కుండ దగ్గరికి పరుగెత్తాను. అదంతా నాకు గుర్తుంది. అయినా నాయిన హాల్లో వాన కురిపించిన ప్రతిసారీ నేను ఆ వానను నమ్మాను. నా కళ్లతో చూసింది ఎటు పోయిందో!

"తాగి కొట్టిన దెబ్బలన్ని నేను మర్సిపోయిన," అంది అమ్మ. "ఆ సారను దేవుడు నీ నుంచి తీసేసిండు, స్తోత్రం. గని ఇది సార కొట్టిన దెబ్బ గాదు. నువ్వు కొట్టింది. దీన్ని దానిమీద ఎందుకు ఏస్తవ్?"

నాయిన చాప అంచు పీచు లాగుతూ కూర్చున్నాడు. చివరికి, "నాకు యాదికున్నది," అన్నాడు. ఆ ఒక్క మాటే. లేచి బయటికి పోదామంటే కర్ఫ్యూ. వంటింట్లోకి పోయి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. అదీ మా గదికి ఆరడుగుల దూరమే.

ఆ తర్వాత రోజులు నా బతుకులో అన్నింటికంటే ఇరుకైనవి. అన్నం కంచాల చప్పుడు, బయట ఎక్కడో అరుపులు, జీపుల హారన్లు. నాయిన తింటున్నప్పుడు నేను గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. అతన్ని చూస్తే అసహ్యం, అమ్మను చూస్తే కోపం. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని. అడిగితే, "నన్నెవలు అడిగిండ్రు?" అంది.

నాలుగో రోజో ఐదో రోజో, అమ్మ కందిపప్పు ఏరుతుంటే నాయిన వచ్చి ఆమె కుడిపక్కన, వినిపించే చెవి వైపు, కూర్చున్నాడు.

"వెనకటిది మర్సిపో," అన్నాడు మెల్లగా.

అమ్మ చేతులు ఆగలేదు. "మర్సుడు నా చేతుల లేదు. దేవుడు మరుపిస్తే మరుస్త. నువ్వు అది అడగకు."

"మరి ఏం అడగాలె?"

"ఇన్నేండ్లు వాక్యం వింటున్నవ్ గద. ఎరుకలేదా?"

నాయిన తల వంచుకున్నాడు. "నన్ను మన్నించు," అన్నాడు.

"ఇయ్యాల గాదు," అంది అమ్మ.

"ఎన్నడన్న సరే," అన్నాడు.

కర్ఫ్యూ సడలాక మళ్లీ గిర్ని మెట్లు ఎక్కాం. పాస్టరుగారు సంతోషంగా నాయినను పిలిచారు. నాయిన నిలబడ్డాడు. "ఇన్ని దినాలు గింజలకు కరువు లేకుండ దేవుడు మమ్ముల సాకిండు. స్తోత్రం," అని కూర్చున్నాడు. జనం ఇంకేదో వస్తుందని కాసేపు చూశారు. అమ్మ వైపు చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

వారం తిరక్కుండా పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. పెద్ద సభ ఒకటి పెట్టుకున్నారు, నాయిన సాక్ష్యం కావాలి.

"ఎంతమంది తాగుబోతులు మారతారో ఆలోచించండి, బ్రదర్. దేవుడు చేసింది దాచిపెట్టకూడదు."

"దాస్తలేను అయ్యగారూ. నేను చెప్పింది నిజం గాదు. సగమే నిజం. మిగిలిన సగం ఆమెది. ఆమె లేకుండ చెప్పే హక్కు నాకు లేదు."

పాస్టరుగారు వంటింటి వైపు తిరిగి, "సిస్టర్, మీరైనా చెప్పండి," అన్నారు.

"నేను చెప్పనయ్యగారూ," అంది అమ్మ లోపలి నుంచే. "మీరే వెనకకు చూడొద్దన్నరు గద."

ఆయన టీ తాగి వెళ్లిపోయారు. పాపం, కోపగించుకోలేదు. ఆయనకు అర్థం కాలేదు, అంతే. కాని హాల్లో ఎవరో ఒకరు అన్నారు, బ్రదర్ మళ్లీ తాగుతున్నాడేమో, అందుకే నోరు లేవట్లేదు అని. ఆ మాట క్వార్టర్ల దాకా వచ్చింది. పలకరించేవాళ్లు తగ్గారు. షేక్‌హ్యాండ్ ఇస్తూ ముఖం దగ్గరికి వంగి వాసన చూసేవాళ్లు పెరిగారు. నాయిన నిజం చెప్పి ఆ పుకారు ఆపాలంటే అమ్మ సంగతి మళ్లీ హాల్లో పెట్టాలి. పెట్టలేదు. వెనక వరసలో కూర్చుని పాటలు పాడి వచ్చేవాడు. ఈసారి ఇరుక్కుపోయింది అతను. నేను జాలిపడలేదు. కొంచెం సంతోషించాను కూడా, దాచుకోవడం ఎందుకు!

అమ్మ ఎప్పుడు మన్నించిందో నాకు తెలియదు. నేను ఆఖరి ఏడు పరీక్ష రాసి ఇంటికి వచ్చిన ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. "అన్నం తిందాం పా," అంది అమ్మ. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "అది మా ఇద్దరి సంగతి," అంది. నా ముందు తలుపు వేసినట్టే అనిపించింది. అన్నేళ్లు ఊరందరి ముందూ నడిచిన విషయం చివరికి నాకు కూడా చెప్పకుండా ముగిసింది.

నాకు నిజామాబాద్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. నాయిన మల్కాజ్‌గిరి స్టేషన్ దాకా నా ట్రంకుపెట్టె మోసుకొచ్చాడు. రైలు ఆలస్యం. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం.

"మీ అమ్మను అడిగిన," అన్నాడు. "నిన్ను అడగలే. నువ్వు గూడ అన్నేండ్లు నా ఇంట్లనే ఉంటివి గద బిడ్డా. నన్ను మన్నిస్తవా?"

దూరంగా కూత వినిపించింది. "బండొస్తున్నది," అన్నాను. అతను తల ఊపి, పెట్టె ఎత్తి లోపల పెట్టాడు.

నిజామాబాద్‌లో ఒక గదిలో అద్దెకు ఉన్నాను. ఎవరికీ నేనెవరి కూతురినో తెలియదు. అయినా ప్రార్థనకు కళ్లు మూసుకుంటే ముందు ఆ హాలే వచ్చేది, దేవుడు ఆ తర్వాత. ఆరు నెలలు అలాగే గడిచాయి. దసరా సెలవులకు ముందు ఇంటికి ఉత్తరం రాశాను. బడి సంగతి, తిండి సంగతి రాసి, కింద నాయిన అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు రాశాను.

సెలవులకు వెళ్లినప్పుడు అమ్మ చెప్పింది, ఆ ఉత్తరం పైభాగం నాయిన తనకు చదివి వినిపించాడట, కిందిది మాత్రం చదవలేదట. "ఏం రాసినవే?" అని అడిగింది. "అది మా ఇద్దరి సంగతి," అన్నాను.