నీలం తీగ, మూడు సెకన్లు

తోటి మెకానిక్కులు అతన్ని పాదరసం అని పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. ఒక్కచోట నిమిషం కాలు నిలిచేది కాదు. ఇక్కడ స్క్రూ బిగిస్తూ తరువాత వెళ్లాల్సిన భవనం గురించి ఆలోచించేవాడు. భోజనం కూడా నిలబడే కానిచ్చేవాడు. "కూర్చుని తింటే అన్నం గొంతు దిగనంటుందా?" అని భార్య దెప్పేది. అయినా చెయ్యి తిరిగిన పనివాడు. మోటారు చప్పుడు వింటే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు.

చిక్కల్లా ఫొటోలతో వచ్చింది. పని ముగిశాక కంట్రోలు పెట్టె లోపలి భాగాన్ని ఫొటో తీసి పంపాలని కంపెనీ కొత్తగా నియమం పెట్టింది. పాదరసం బొత్తాం నొక్కేలోపే చెయ్యి పక్కకు జరిగిపోయేది. "ఇది కంట్రోలు పెట్టేనా, కమ్ముకొచ్చిన మబ్బా?" అని సూపర్‌వైజరు రోజుకోసారి ఫోన్ చేసి వాయించేవాడు.

చివరికి కూతురు ఫోన్ లాక్కుని కెమెరాలో ఏదో మార్చింది.

"నాన్నా, ఇకనుంచి నీ ఫొటోలు కదుల్తాయి. నువ్వు నొక్కే ముందు ఒకటిన్నర సెకను, నొక్కాక ఒకటిన్నర సెకను, బొమ్మా మాటా రెండూ దాచుకుంటుంది. వేలు నొక్కిపెడితే ఆడుతుంది. ఈ పట్టీ జరుపుకుంటూ పోయి, ఎక్కడ స్పష్టంగా ఉంటే దాన్నే ఫొటోగా పెట్టుకో."

"అంటే నాకంటే ముందే అది మొదలెట్టేస్తుందన్నమాట!"

"అవును. నీకు సరైన జోడీ."

నిజంగానే జోడీ కుదిరింది. మూడు సెకన్ల కుదుపులో ఎక్కడో ఒకచోట చెయ్యి నిలకడగా దొరికేది. ఆరు నెలలు హాయిగా గడిచాయి. ఆ తరువాత చోటు తగ్గిపోతోందని ఫోన్ గోల మొదలుపెట్టింది. కదిలే ఫొటో ఒక్కోటీ రెండు ఫొటోల చోటు తింటుందట. పాతవాటిని మామూలు ఫొటోలుగా నకలు తీసుకుని అసలువి తీసెయ్యమంది కూతురు. "తీసేసినవి ముప్పై రోజులు చెత్తబుట్టలోనే ఉంటాయి. అది ఖాళీ చేస్తేగానీ చోటు రాదు. ఆ పని మాత్రం నువ్వు చెయ్యకు, నేను చూసి చేస్తా" అని గట్టిగా చెప్పింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం కంటి ఆసుపత్రిలో పని పడింది. మూడంతస్తుల భవనం. లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోతోంది. తలుపుల దగ్గరే లోపమని పాదరసం పసిగట్టాడు. పరీక్ష కోసం కంట్రోలు పెట్టెలో రెండు కొసలను నీలం తీగతో కలిపాడు. అది ఉన్నంతసేపూ తలుపు తెరిచి ఉన్నా మూసి ఉన్నట్టే లిఫ్టు నమ్ముతుంది. పరీక్ష కాగానే పీకెయ్యాలి, లేకపోతే బార్లా తెరిచిన తలుపుతోనే కదిలిపోతుంది. లోపం సరిచేశాడు, ఫొటో తీశాడు, పెట్టె మూశాడు. మెట్లు దిగుతూ స్పష్టమైన క్షణం ఏరి పంపాడు. "శభాష్, ఇన్నాళ్లకు ఫొటో అంటే ఇదీ!" అని సూపర్‌వైజరు జవాబిచ్చాడు.

టీ కొట్టు దగ్గర ఆ రోజు ఫొటోలన్నిటికీ నకళ్లు తీసి, అసలువి తీసేశాడు. బస్సెక్కాడు. సీటు దొరికినా కూర్చోలేదు. మెచ్చుకున్న ఫొటోను మరోసారి చూసుకోవాలనిపించి తెరిచి, వేళ్లతో పెద్దది చేశాడు.

కుడివైపు మూల నీలం తీగ కనిపించింది.

'ఫొటో తీశాక పీకే ఉంటాను. పీకలేదా మరి?' అనుకున్నాడు. బొమ్మ మీద వేలు నొక్కిపెట్టాడు. కదల్లేదు. అది నకలు. చెత్తబుట్ట తెరిచి అసలుదాన్ని వెనక్కి తెచ్చుకుని, మళ్లీ వేలు నొక్కిపెట్టాడు.

"సార్, అయిందా? డాక్టరుగారు పైకెళ్లాలంట" అని వాచ్‌మన్ గొంతు. "అయిపోయింది, అయిపోయింది" అని తన గొంతు. తన చెయ్యే బొమ్మలోకి వచ్చింది. తీగ జోలికి పోకుండా పెట్టె తలుపు పట్టుకుని మూసేసింది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే లైన్ ఖాళీ లేదని వస్తోంది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. బస్సు ఆపించి దిగి, వెనక్కి పరుగెత్తుతూ మూడోసారి చేస్తే వాచ్‌మన్ ఎత్తాడు.

"అన్నా, లిఫ్టు మెయిన్ స్విచ్ దించెయ్. ఎందుకని అడక్కు, ముందు దించు!"

"దించా సార్. అసలు నేనే మీకు చేద్దామనుకుంటున్నా. ఇందాక తలుపు ముయ్యకుండానే పైకి లేచింది. ఒక పెద్దావిడ ఎక్కబోతుంటే అల్లుడు వెనక్కి లాగాడు."

రొప్పుతూ వెళ్లి పెట్టె తెరిచాడు. తీగ అక్కడే ఉంది. దాన్ని పీకి, స్విచ్ ఎక్కించి, ఒక్కో అంతస్తులో తలుపు మూడేసిసార్లు తెరిచి మూసి, తెరిచి ఉన్నప్పుడు లిఫ్టు కదలడం లేదని తేల్చుకున్నాడు. ఆ పెద్దావిడ ఇంకా హాల్లోనే ఉంది. రెండు కళ్లకూ కట్టు. ఆవిడ పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ లిఫ్టు బాగుచేసింది నేనే. తప్పు నాదే."

అల్లుడు విసురుగా లేచాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నాకేం కనబళ్లేదు నాయనా. పాదం పెట్టబోతే కింద చల్లగాలి తగిలిందంతే" అంది. "తొందరపడ్డావా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాడు.

సూపర్‌వైజరుకు ఫోన్ చేసి అంతా చెప్తే అతను గొంతు తగ్గించాడు. "తీగ తీశావు కదా, ఎవరికీ ఏం కాలేదు కదా. ఫొటో చూసి శభాష్ అన్నవాణ్ని నేను. బయటపడితే మనిద్దరికీ చుట్టుకుంటుంది. ఆ కదిలేదాన్ని తీసెయ్."

పాదరసం ఇంటికి వెళ్లి గదిలో అటూ ఇటూ తిరిగాడు. తిన్నదీ లేదు, కూర్చున్నదీ లేదు. కూతుర్ని పిలిచాడు. "దీన్ని మా మెకానిక్కుల గ్రూపులో పెడితే ఉత్త బొమ్మే పోతోంది. కదులుతూ, మాటతో పోవాలంటే ఎట్లా?"

"వీడియోగా భద్రం చేసి పంపాలి. నాన్నా, అందులో నీ తప్పే కదా కనబడుతోంది?"

"అందుకే పంపమంటున్నా."

మూడు సెకన్ల ఆ వీడియో నలభై మంది మెకానిక్కుల ఫోన్లకు చేరింది. కింద ఒక్క ముక్కే రాశాడు: 'ఈ చెయ్యి నాది. తీగ మర్చిపోయాను.'

మర్నాడు ముగ్గురు విడివిడిగా ఫోన్ చేశారు. వాళ్లూ ఏదో ఒకరోజు అలాగే వచ్చేశారట, అదృష్టం బాగుండి గుర్తొచ్చిందట. కంపెనీ పాదరసాన్ని రెండు నెలలు ఒంటరిగా పనికి పంపలేదు. తనకంటే పదేళ్లు తక్కువ వయసున్న మెకానిక్కు కింద సహాయకుడిగా వేసింది. పీకిన తీగను చేత్తో పట్టుకుని, అది కూడా పడేలా ఫొటో తియ్యాలని అందరికీ నియమం వచ్చింది. సూపర్‌వైజరు మాత్రం నెలపాటు అతనితో మాట్లాడలేదు.

ఇప్పటికీ పాదరసానికి కాలు నిలవదు. బస్సెక్కాక కూడా సంచిలో చెయ్యి పెట్టి తీగలు తడిమి లెక్కపెట్టుకుంటాడు. ఒక్కోరోజు లెక్క సరిపోయినా నమ్మకం కుదరక, తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడుస్తాడు.