గంగమ్మవ్వ ఊర్లో లేని ముహూర్తం

బాడిగ బాకీ పెట్టి ఇల్లు వదిలి పారిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు. పారిపోవడానికి పంచాంగం చూపించుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. దాంతో నా బతుకు ఎట్లా తెల్లారిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ బాధ లేదు. బాధపడే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ధర్మవరంలో గంగమ్మవ్వ ఇంట్లో బాడిగకుండేవాళ్ళం. ముందు రెండు గదుల్లో అవ్వ, వెనక రెండు గదుల్లో నేనూ, మా ఆవిడ సరోజ. మగ్గాలవాళ్ళ దగ్గర పట్టుచీరలు అరువుకు తెచ్చి, పెళ్ళివాళ్ళకు మళ్ళీ అరువుకే అమ్మే మహా వ్యాపారం నాది. పెళ్ళికూతుళ్ళు ఆ చీరలు కట్టుకుని అత్తగారిళ్ళకు చక్కగా వెళ్ళిపోయారు. డబ్బులు మాత్రం నా ఇంటి దారి మరిచిపోయాయి. మూడు నెలల బాడిగ నిలిచిపోయింది. అడ్వాన్సు అంతకుముందే కరిగిపోయింది. అవ్వ బతికేది ఆ బాడిగ మీదే. అది తెలిసి కూడా ఆమెను తప్పించుకు తిరిగాను చూడండి, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

పోనీ ఆమె నాలుగు తిట్లు తిట్టేదా అంటే, అదీ లేదు. కొళాయి దగ్గర కనబడితే "ఏమప్పా, అన్నం తింటివా?" అని అడిగేది. ఆ ఒక్క మాటకు తిన్నది అరిగేది కాదు.

అంతలో హిందూపురంలో ఒక బట్టల అంగట్లో గుమాస్తా పని దొరికింది. అక్కడే చిన్న ఇల్లూ కుదిరింది. మొదటి జీతం రాగానే అవ్వ బాకీ పంపించేద్దామని నా ఆలోచన. ఆ మాటేదో ఆమె ఎదుట నిలబడి చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. అంత ధైర్యమే ఉంటే ఈ కథెందుకు? చెప్పకుండా పోదామన్నాను.

సరోజ కొంగు బిగించింది. "చెప్పకుండా పోదామంటే పోదాం. మంచి టైము చూడకుండా మాత్రం నేను గడప దాటను. ఈడికి వచ్చేటప్పుడు చూసుకోలేదు. ఏమాయనో చూస్తివి కదా!"

"దొంగతనంగా పోయేవాళ్ళకు ముహూర్తమేందే?"

"పోయేది దొంగతనంగానే. ఆడ కాపురం చేసేది దొరతనంగానే కదా?"

దీనికి జవాబు మీకేమైనా తోస్తే నాకూ చెప్పండి. నేనైతే నేరుగా గుడి పూజారి దగ్గరికి పోయాను. ఎవరింట్లోనుంచి, ఏ ఊరికి అని ఆయన అడిగాడు. అన్నీ చెప్పి, గొంతు తగ్గించి ఒక షరతు పెట్టాను.

"స్వామీ, ఆ పొద్దు గంగమ్మవ్వ ఊర్లో ఉండకూడదు."

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "పంచాంగంలో తిథి ఉంటాది, నక్షత్రం ఉంటాది. గంగమ్మవ్వ ఉండదు నాయనా."

"ఎట్లయినా చూడండి స్వామీ. మీరు తప్ప దిక్కు లేదు."

"సరేలే, కనుక్కుంటా."

ఎవరిని కనుక్కుంటారు స్వామీ అని ఒక్క మాట అడిగి ఉంటే నా జీవితం వేరేగా ఉండేది. నేను అడగలేదు.

మర్నాడు ఆయనే పిలిచాడు. "బుధవారం పొద్దున ఏడింటికి బయల్దేరు. పదీ నలభైకి హిందూపురంలో పాలు పొంగించు. స్థిర లగ్నం. ఆ టైముకు కాలు పెట్టినోళ్ళు మళ్ళా ఆ ఇల్లు కదల్రు. అవ్వ మంగళవారమే పెనుకొండకు కూతురింటికి పోతాంది." దేవుడే దారి చూపించాడనుకుని యాభై రూపాయలు దక్షిణ పెట్టాను.

మంగళవారం అవ్వ నిజంగానే బయలుదేరింది. ఆమె రేకు పెట్టెను బస్టాండు దాకా మోసింది కూడా నేనే. చెయ్యి పడిపోయింది.

"ఏముందవ్వా, ఇంత బరువుండాది?"

"నా సామాన్లేలే నాయనా. ఇల్లు జాగ్రత్తప్పా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇల్లు జాగ్రత్త అని చెప్పింది ఎవరికి? ఇల్లు వదిలి పారిపోయేవాడికి.

బుధవారం ఏడింటికల్లా గూడ్స్ ఆటోలో సామానంతా ఎక్కించాం. సరోజ గదులు ఊడ్చి, వాకిట్లో నీళ్ళు చల్లి, పెద్ద ముగ్గు వేసింది. పారిపోయేవాళ్ళు ముగ్గేసి పారిపోవడం మీరెక్కడైనా విన్నారా? తాళంచెవి పక్కింటామెకు ఇచ్చి కదిలాం. ముందు డ్రైవరు పక్కన సరోజ, వెనక బీరువాకూ మంచానికీ మధ్యన నేను.

పెనుకొండలో బండి ఆగింది. "ఎవరో అవ్వ చెయ్యెత్తుతాందన్నా" అన్నాడు డ్రైవరు. తొంగి చూశాను. రోడ్డు పక్కన రేకు పెట్టె, పెట్టె మీద గంగమ్మవ్వ! నేను చుట్టిపెట్టిన పరుపు కిందికి దూరిపోయాను.

"పరుపు కింద గాలాడదు, బయటికి రాప్పా. వచ్చి ఈ పెట్టె ఎక్కించు."

వచ్చాను. ఎక్కించాను. "నీకెట్లా తెలిసెనవ్వా?" అని అడిగాను.

"పూజారి స్వామి ఫోన్ చేసె. 'అవ్వా, బుధవారం నువ్వు ఊర్లో ఉండవు కదా' అనె. ఏల స్వామీ అంటి. 'నీ ఇంట్లో ఉండేటోళ్ళు నువ్వు లేనప్పుడు పోవల్లంట, ఆ పొద్దు ముహూర్తం బాగుండాది' అనె. మంచి ముహూర్తం నా వల్ల చెడిపోతుందేమోనని ఈడికొచ్చి కూచుంటి."

పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఆ బీరువా నా మీద పడితే బాగుండునని మొక్కుకుంటూ వచ్చాను. అది కూడా నా మాట వినలేదు.

కొత్త ఇంటి యజమాని నంజుండప్ప వాకిట్లోనే ఉన్నాడు. అవ్వ ఎవరో తెలియగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "మంచి సమయానికి వచ్చినావమ్మా. వీళ్ళు బాడిగ దుడ్లు నెలనెలా సరిగ్గా కడతారా? లేదంటే ఇప్పుడే చెప్పు, సామాను దించనియ్యను."

వెనక్కి పోవడానికి ఇల్లు లేదు, ముందుకు పోవడానికి ముఖం లేదు. సరోజ పాలగిన్నె తీసుకుని అవ్వ వెనక్కి జరిగింది. అవ్వ నా వైపు ఒకసారి చూసింది.

"నా ఇంట్లో ఇంతమంది ఉండి పోయిరి గానీ, ఇట్లాంటోళ్ళను చూడల్యా. పోయేటప్పుడు ఇల్లూడ్చి ముగ్గేసి పోయినారంట. ఇప్పుడే పక్కింటామె ఫోన్ చేసి చెప్పె."

అబద్ధం ఒక్కటీ లేదు, బాడిగ ఊసు లేదు. నంజుండప్ప సంతోషంగా తాళంచెవి ఇచ్చి వెళ్ళిపోయాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అవి తుడుచుకునేలోపల టైము పదీ నలభై అయింది. అవ్వ మమ్మల్నిద్దర్నీ పక్కకు జరిపి, కుడికాలు ముందు పెట్టి లోపలికి పోయింది. పాలు పొంగాయి. అందరికన్నా ముందు తాగిందీ ఆమే.

"పద అవ్వా, బస్సెక్కిస్తా" అన్నాను.

"యాడికప్పా? మూడు నెల్లు నా ఇంట్లో నువ్వు ఊరికే ఉంటివి. మూడు నెల్లు నీ ఇంట్లో నేను ఊరికే ఉంటా. చెల్లుకు చెల్లు."

"మరి ధర్మవరంలో ఇల్లు?"

"ముందూ వెనకా కలిపి బాడిగకిచ్చేస్తి. రేపే వస్తాండారు. వాళ్ళు నెలనెలా కడతారంట."

మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే ఆమె తీసుకోలేదు. "మాటంటే మాటేనప్పా" అంది. ఆ మూడు నెలలు మొదలై ఇప్పటికి ఆరేళ్ళు. పూజారి మాట పొల్లుపోలేదు. స్థిర లగ్నంలో ముందుగా కాలు పెట్టింది ఆమె కదా! సరోజా, అవ్వా ఒకటయ్యారు. ఏ పప్పు వండాలన్నా వాళ్ళిద్దరే తేలుస్తారు, నేను తింటాను.

అందుకని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఇల్లు వదిలి పారిపోవాల్సి వస్తే, ముహూర్తం మాట ఎత్తను. నిండు రాహుకాలంలో, ముగ్గు వేయకుండా, ఎవరికీ చెప్పకుండా పారిపోతాను.

రాసింది పైకి చదువుకుంటున్నట్టున్నాను. లోపలి గదిలోనుంచి అవ్వ కేక వేసింది.

"ఏమప్పా, ఆ పొద్దు నేను ఊర్లో ఉండల్లనా, వద్దా?"