రాగి లేని పొడి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అసలే లేదు. హారర్ సినిమాలో జనం కళ్లు మూసుకునే చోట నేను నవ్వి పక్కవాళ్లతో తిట్లు తింటాను. అలాంటి నన్ను ఇప్పుడు మా ఇంట్లోవాళ్లే వింతగా చూస్తున్నారు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత డబ్బింగ్ థియేటర్‌ను అద్దెకు తీసుకుని మా చిన్న కంపెనీ ల్యాబ్ పెట్టింది. కార్బన్ డయాక్సైడ్‌ను తక్కువ వేడిలోనే మిథనాల్‌గా మార్చే ఉత్ప్రేరకం తయారు చేయడం మా పని. ఒక తెల్లటి పొడి మీద కంటికి ఆననంత చిన్న రాగి రేణువులు అంటిస్తాం. అవి ఎంత చిన్నగా, ఎంత ఎడంగా ఉండాలన్నదే అసలు కిటుకు. అది పట్టింది నా స్నేహితురాలు సుధ. ఫలితం చూసి అందరం గంతులేశాం. కొద్ది రోజులకే సుధ జ్వరంతో ఆస్పత్రిలో చేరింది, మళ్లీ రాలేదు.

ఆమె పద్ధతిలోనే నేను చేస్తే ఆ ఫలితం రాలేదు. ఎన్నిసార్లు చేసినా అంతే.

"అంకెలు తనే వేసేసుకుందేమోనండీ. ఇంకోసారి చూడండి. రాకపోతే రిపోర్ట్‌లోంచి ఆ అమ్మాయి పనీ, పేరూ తీసేద్దాం" అన్నారు మా డైరెక్టర్. ఆ పేటలో డైరెక్టరంటే సినిమా ఆయన అనుకునేరు, మా కంపెనీ ఆయనే. నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోదు కదా.

మర్నాడు మధ్యాహ్నం, ముందు యంత్రం సరిగ్గా ఉందో లేదో చూద్దామని కొత్త గొట్టంలో రాగి కలపని ఉత్త పొడి వేసి గ్యాస్ వదిలాను. అందులో ఏమీ జరగకూడదు.

జరిగింది. కంప్యూటర్ మీద మిథనాల్ ఎంత వస్తోందో చూపే గీత పైకి లేచింది. సుధ గీత తీసి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒక్కటే. ఆమె ప్రయోగం చేసిన రోజు మధ్యలో కరెంటు పోయి, వేడి తగ్గి, గీత ఒకచోట కిందికి పడింది. నా గీత కూడా సరిగ్గా అక్కడే పడింది.

"కరెంటు పోయిందా?" అని టెక్నీషియన్ మల్లేశ్‌ను అడిగాను.

"లేదు మేడమ్, ఏసీ నడుస్తనే ఉన్నది. గిట్లెందుకైతుంది?" అన్నాడు.

పాత ఫైలే తెరుచుకుందేమో అనుకున్నాం. కాదు. గొట్టం చివర పెట్టిన సీసాలో మిథనాల్ నిజంగానే చేరింది. బయటి ల్యాబ్‌కు పంపితే వాళ్లూ మిథనాలే అన్నారు. పొడిని మైక్రోస్కోప్ కింద పెట్టించాం, రాగి జాడే లేదు. మళ్లీ చేస్తే ఏమీ రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

"సుధ మేడమే వచ్చి చూపెట్టింది, తన పని నిజమని" అంటాడు మల్లేశ్. నాకూ అలాగే అనుకోవాలని ఉంది. కానీ రాగి లేకుండానే అదే ఫలితం వస్తే, ఇక ఆమె రాగి చేసిందేముంది? నిజమని చూపించిందా, తప్పు ఒప్పుకుందా? డైరెక్టర్ ఆమె పేరు తీయనూ లేదు, ఉంచుతాననీ అనలేదు. రిపోర్ట్ అలాగే ఆగిపోయింది.

మొన్న మధురానగర్‌లో సుధ వాళ్లమ్మను చూడ్డానికి వెళ్లాను. చాయ్ ఇచ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ చేసింది నిజమే గదా?"

"నిజమేనమ్మా" అన్నాను. రుజువు లేకుండా ఒక్క మాట చెప్పే మనిషిని కాను నేను. ఆ రోజు చెప్పేశాను. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.