నూనె మేస్త్రీ కొడుకు ఇంటికొచ్చాడు

జైలు గేటు దాటేసరికి పొద్దున తొమ్మిదయింది. ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు. బస్సు ప్రయాణం గట్టిగా గంటన్నర. మిగతా ఐదున్నర గంటలూ చిన్నోడు పుట్టి పెరిగిన ఊళ్ళోనే దారి తప్పినవాడిలా తిరిగాడు. వీధి మొగదాకా రావడం, అక్కడున్న చెప్పుల షాపు ముందు ఆగి కొనేవాడిలా కాసేపు చూడడం, వెనక్కి తిరిగిపోవడం. మూడోసారికి షాపువాడు విసుక్కున్నాడు.

"సైజు చెప్తే నేనే తీసి చూపిస్తాగా!"

ఆ మాటకి సిగ్గుపడి, ఇక తప్పదన్నట్టు వీధిలోకి నడిచాడు.

చిన్నోడంటే మరీ చిన్నవాడేం కాదు. ముప్ఫై నాలుగేళ్ళు. చెవుల పక్కన జుట్టు నెరిసింది కూడా. అక్క తర్వాత పుట్టాడని ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు అది, ఎంత ఎదిగినా వదల్లేదు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రిని ఆ చుట్టుపక్కల అందరూ నూనె మేస్త్రీ అంటారు. నలభై ఏళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మనిషి. స్నానం చేసి వచ్చి నిలబడ్డా ఆయన దగ్గర మిషన్ నూనె వాసనే. ఇంటి ముందుగదే కొట్టు.

గుమ్మంలో నిలబడితే తండ్రి కనిపించాడు. బల్ల మీద విప్పి పడేసిన మిషన్ ముందు, ముక్కు దానికి తగులుతుందేమో అన్నంతగా వంగి ఉన్నాడు. బాగా పీక్కుపోయాడు. నీడ పడేసరికి తల ఎత్తి వెలుతురు వైపు చూశాడు.

"అక్కడ పెట్టమ్మా. రేపు చూస్తాను."

"నేను, నాన్నా."

స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. స్క్రూడ్రైవర్‌ని బల్ల మీద పెట్టి, "తిన్నావా?" అన్నాడు.

ఆ ఒక్క మాట చిన్నోడికి చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది.

ఆరేళ్ళ కిందటి సంగతి. అప్పుడు వాడొక బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్కు. పని తెలిసినవాడు, నోరూ చెయ్యీ ఆగనివాడు. ఒకరోజు వాడు సరిచేసిన మిషనే మళ్ళీ మొరాయించి నూటయాభై చొక్కాలు పాడయ్యాయి. అన్నిటికీ కాలర్ దగ్గర కుట్టు ఊడిపోయింది. కటింగ్ మాస్టర్ అందరి ముందూ, "తండ్రి పనితనం రాలేదు గానీ నూనె వాసన మాత్రం బాగా వచ్చింది వీడికి" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే చిన్నోడి చేతిలోని పెద్ద స్పానర్ రెండుసార్లు లేచింది. మొదటి దెబ్బ భుజానికి తగిలింది. రెండోది మోకాలికి. ఆ రెండోది మనిషి కిందపడ్డాక కొట్టిన దెబ్బ. లాయరు ఎంత తిప్పి చెప్పినా ఆ ఒక్క సంగతీ తిరగలేదు.

కొట్టిన వెంటనే పారిపోయి కొట్టు అటక మీద దాక్కున్నాడు. రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. మూడోరోజు పొద్దున తండ్రి నిచ్చెన ఎక్కి చూసి, "దిగు. తిన్నావా?" అన్నాడు. చేతులు కడిగించి, పక్కన కూర్చుని కడుపునిండా తినిపించాడు. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని తిన్నగా పోలీస్ స్టేషన్‌కి నడిపించుకెళ్ళి అప్పజెప్పాడు. పెద్దమనిషంటే ఆయనే అని ఊరంతా మెచ్చుకుంది. చిన్నోడికి మాత్రం ఆ పూట తిన్న తిండి ఆరేళ్ళుగా గొంతులోనే అడ్డం పడి ఉంది. తండ్రి జైలుకి ఒక్కసారి కూడా రాలేదు. వచ్చేది అక్క ఒక్కతే.

"తిన్నాను" అని అబద్ధమాడి లోపలికి వెళ్ళాడు.

ఇంట్లో ఉన్నాడన్న మాటే గానీ వాడికి ఒకచోట కాలు నిలవలేదు. పొద్దున ఐదింటికల్లా లేచి, పక్క మడతపెట్టి, దాని పక్కనే నిటారుగా నిలబడేవాడు, ఎవరో వచ్చి లెక్కపెట్టుకుని వెళ్తారన్నట్టు. ఎవరూ రారని గుర్తొచ్చి సిగ్గేసి చెప్పులు తొడుక్కునేవాడు. రైల్వే గేటు దాకా, అక్కణ్ణుంచి కూరగాయల మార్కెట్ దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ రైల్వే గేటు దాకా. తలుపు గడియపడిన చప్పుడు వింటే ఊపిరాడేది కాదు. తండ్రి గడియ పెట్టేవాడు, వీడు తీసేవాడు. దాని మీద ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు. మాటలంటూ ఉంటే "నీళ్ళొచ్చాయి", "లైటు ఆపు", అంతే.

నాలుగోరోజు అక్క వచ్చింది. ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. తండ్రి పెరట్లో ఉన్న సమయం చూసి తమ్ముణ్ణి పక్కకి లాగింది.

"ఒరేయ్, నాన్నకి కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నాడు. డాక్టర్ దగ్గరికి పదమంటే ఇంతెత్తున లేస్తాడు. నువ్వైనా చెప్పు."

"నేను చెప్తే వింటాడా?"

"వినడు. అయినా చెప్పు. ఇంకోటి, గురువారం గురువారం సంచీ భుజానేసుకుని ఎక్కడికో వెళ్తాడు. ఎక్కడికని అడిగితే కసురుతాడు. ఏ లారీ కింద పడతాడోనని నా ప్రాణం గిలగిల్లాడిపోతుందిరా."

ఆ గురువారం తండ్రి సంచీ తీసుకోగానే చిన్నోడు ఇరవై అడుగుల దూరంలో వెంట నడిచాడు. ముసలాయన గోడని తడుముకుంటూ, రోడ్డు దాటాల్సిన ప్రతిచోటా ఎవరో ఒకరు దాటేదాకా ఆగి, వాళ్ళ వెనకే అడుగేస్తూ, పావుగంట దారిని ముప్పావుగంట నడిచాడు. రెండుసార్లు చిన్నోడి చెయ్యి దానంతటదే ముందుకు లేచి మళ్ళీ కిందికి దిగింది. చివరికి ఒక ఇరుకు సందులో, నీలం రంగేసిన ఇంటి ముందు తండ్రి ఆగి పిలిచాడు.

"అమ్మాయ్!"

"రండి బాబాయ్‌గారూ" అంటూ ఒకావిడ తలుపు తీసింది. తెరిచిన కిటికీ దగ్గర కుర్చీలో ఒక మనిషి, పక్కన ఊతకర్ర. ఒక కాలు కర్రలా బిగుసుకుపోయి ముందుకి చాపి ఉంది. చిన్నోడు గుర్తుపట్టాడు. కటింగ్ మాస్టర్!

వెనక్కి తిరిగి పారిపోవాలనుకున్నాడు. కాళ్ళు అప్పటికే తిరిగాయి కూడా.

"వచ్చినవాడివి వచ్చావుగా" అంది కిటికీలోంచి గొంతు. "సందులో నిలబడితే జనం పోగవుతారు. లోపలికి రా."

తండ్రి ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. కొడుకు వెంట వస్తున్నాడని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

లోపల నిలబడ్డాక తెలిసింది సంగతి. భర్త మంచానపడ్డాక ఇల్లు నడిపింది ఆవిడ కుట్టుపనే. అప్పట్నుంచీ ఆ మిషన్ బాగోగులు నూనె మేస్త్రీవే. ఆరేళ్ళుగా ప్రతి గురువారం వచ్చి శుభ్రం చేసి, నూనె వేసి, బెల్టు చూసి వెళ్తున్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ రావద్దనలేదు.

"ఎలా నడుస్తోందమ్మా?"

"బాగానే ఉంది బాబాయ్‌గారూ."

"ఏం బాగు?" అన్నాడు మాస్టర్. "నెల్లాళ్ళుగా మూడు కుట్లేస్తే ఒకటి వదిలేస్తోంది. మీరు బాధపడతారని ఇది నోరు విప్పట్లేదు. పక్కింటి మిషన్ మీద కుట్టుకొస్తోంది."

ఆవిడ భర్తని కొరకొర చూసింది. ముసలాయన మొహం పాలిపోయింది. మిషన్ ముందు కూర్చుని, పక్క రేకు విప్పి, సూది కిందికి దించి, వంగి చూశాడు. ఇంకా వంగాడు. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో పడటం లేదు. జారుతోంది, మళ్ళీ పెడుతున్నాడు, మళ్ళీ జారుతోంది. గదిలో ఆ గీకుడు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

చిన్నోడు అది భరించలేకపోయాడు. తండ్రి పక్కన నేల మీద కూలబడి చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు నాన్నా."

ఆయన ఇవ్వలేదు. మాస్టర్ వైపు తిరిగాడు, చూపు ఆనకపోయినా.

"ఇవ్వండి మేస్త్రీగారూ" అన్నాడు మాస్టర్. "ఏరా, చూడు. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. మిషన్ బాగుచెయ్యి."

"అలాగే మాస్టారూ."

జైల్లో కుట్టుపని విభాగంలో నలభై మిషన్లుండేవి. ఆరేళ్ళూ వాటిని నడిపించింది చిన్నోడే. ఆ సంగతి తండ్రికి తెలియదు. చక్రం నెమ్మదిగా తిప్పుతూ సూది పైకి లేచే చోటు చూశాడు. దారాన్ని అందుకోవాల్సిన షటిల్ కొక్కెం సూది కన్ను పక్కనించే పోతోంది. సూది పట్టే కడ్డీ వెంట్రుకవాసి ఎత్తుగా బిగించి ఉంది. ఎవరు బిగించారో అడగక్కర్లేదు. స్క్రూ వదులు చేసి, కడ్డీ కాస్త దించి, బిగించాడు. గుడ్డముక్క పెట్టి చక్రం తిప్పాడు. కుట్టు ఒక్కటీ తప్పకుండా గీత గీసినట్టు పడింది.

"స్క్రూ అరిగింది నాన్నా, అందుకే జారిపోయింది" అన్నాడు.

ముసలాయన ఆ గుడ్డముక్క తీసుకుని వేలిగోటితో కుట్టు పొడవునా తడిమాడు.

"అరిగింది స్క్రూ కాదురా. నా కళ్ళు."

మాస్టర్ అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆవిడ ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చిన్నోడి గ్లాసు చేతికివ్వలేదు, నేల మీద పెట్టింది. వాడు తీసుకుని తాగాడు.

తిరుగుదారిలో తండ్రి సగం దూరం నడిచి, బస్టాపులో బల్ల కనబడితే కూర్చుండిపోయాడు. చిన్నోడు కూర్చోలేక బల్ల ముందు అటూ ఇటూ తిరగసాగాడు. ఆరేళ్ళు జైల్లో గోడల్ని అడిగిన ప్రశ్న ఉన్నట్టుండి నోట్లోంచి ఊడిపడింది.

"ఎందుకు పట్టిచ్చావు నన్ను?"

"న్యాయం కోసమన్నారు జనం. నేనూ కాదనలేదు. వినడానికి బావుంది కదా!"

"మరి?"

"భయమేసిందిరా."

"పోలీసులంటేనా?"

"నువ్వంటే." ముసలాయన మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు. "అటకెక్కి చూస్తే నీ చొక్కా మీద, చేతుల మీద ఆ మనిషి రక్తం ఎండిపోయి ఉంది. నిచ్చెన కిందే నీళ్ళ బకెట్టుంది. రెండు రోజులైనా కడుక్కోలేదు. అది చూసి నా ఒళ్ళు జలదరించింది. కడుక్కోవాలని కూడా అనిపించనివాడు రేపు ఇంకెవర్ని కొడతాడో అనుకున్నాను. మీ అక్క పిల్లలు రోజూ కొట్లోనే ఆడేవాళ్ళు. కన్నకొడుకుని చూసి జడుసుకున్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని జైలుకి రాను?"

చిన్నోడు స్తంభం దాకా వెళ్ళి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి వచ్చాడు. ఒక బస్సు వచ్చి ఆగి, ఎవరూ ఎక్కకపోతే పోయింది.

"దిగలేదు నాన్నా" అన్నాడు చివరికి. "బకెట్ చప్పుడైతే నువ్వు లేస్తావని దిగలేదు. కాళ్ళు వణికిపోయేవి. ఆ రెండు రోజులూ తాగడానికి కూడా నీళ్ళు లేవు నాకు."

ముసలాయన తలెత్తాడు. కొడుకు గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"అందుకా..." అన్నాడు. "ఆ పొద్దున తినకముందే గ్లాసు మీద గ్లాసు, ఐదు గ్లాసులు తాగావు. నేను పోస్తూనే ఉన్నాను. ఎందుకని అడగనే లేదు. అడగాల్సింది." ఆయన సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "అడిగినా తీసుకెళ్ళేవాణ్ణేరా. అది మాత్రం అబద్ధం చెప్పను. కానీ అడగాల్సింది."

చిన్నోడు ఆయన పక్కన కూర్చున్నాడు. ఎంతసేపని కాదు, రెండు నిమిషాలుంటుందేమో. మళ్ళీ లేచి చెయ్యి అందించాడు.

"పద, రోడ్డు దాటాలి."

ఈసారి ముసలాయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి మాత్రం ఇంకో మూడు వారాలు పోట్లాట తప్పలేదు. ఆపరేషన్‌తో ఒక కన్ను కుదుటపడింది, రెండోదానికి ఇక ఆశ లేదన్నారు. చిన్నోడు కొట్లో కూర్చోలేకపోయాడు. నాలుగు గోడల మధ్య గంట గడిస్తే చెమటలు పట్టేవి. అందుకని సైకిల్‌కి సంచీ తగిలించుకుని ఇంటింటికీ తిరిగి మిషన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఎవరి కొడుకో, ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలిశాక కొందరు మొహం మీదే తలుపేశారు. కొందరు మిషన్‌ని గుమ్మం బయట పెట్టి, పనయ్యేదాకా లోపలినుంచి చూస్తూ నిలబడేవాళ్ళు. వాడు ఆ గుమ్మాల్లోనే పనిచేశాడు. తిరుగుడు ఎక్కువైన మర్నాడు పొద్దున ఐదింటికి మెలకువ వచ్చేది కాదు. మిగతా రోజుల్లో ఇంకా వచ్చేది.

గురువారాలు ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు. నాలుగు నెలలపాటు మాస్టర్ వాణ్ణి కూర్చోమనలేదు. ఐదో నెలలో ఒకరోజు బాగున్న కాలితో స్టూలు ముందుకు తోశాడు.

"మర్యాద అనుకునేవు. వెలుతురుకి అడ్డంగా నిలబడ్డావని" అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క తండ్రిని చూడటానికి వచ్చింది. వీధిలోకే కేకలు వినిపిస్తున్నాయి. "అంత బిగిస్తే దారం తెగి చస్తుంది, నీకెన్నిసార్లు చెప్పాలి!" అని తండ్రి. "తెగితే నా దగ్గరికి రా నాన్నా, ఇది నీ కాలం మిషన్ కాదు!" అని తమ్ముడు. "నా కాలమా? నీకు సూది పట్టుకోవడం నేర్పిందెవర్రా!" అని మళ్ళీ తండ్రి. ఆమె గుమ్మం దగ్గర కాసేపు నిలబడి విన్నది. ఇప్పట్లో తేలే వ్యవహారంలా లేదు. ఇంటి దగ్గర ఆరేసిన బట్టలు గుర్తొచ్చి, వాళ్ళని పిలవకుండానే వెనక్కి తిరిగింది.