సవరయ్య ఆదివారం లోడు

మా ములకలపల్లి సవరయ్య తన పాత వ్యాను మీద ఈగ వాలనివ్వడు. మిర్చి బస్తాలు మోసి మోసి దాని వెనక భాగం కుంగిపోతుంటే, 2003లో కొత్తగూడెం తీసుకెళ్లి వెనక షాక్ అబ్జార్బర్లు మార్పించి, బాగా గట్టివి వేయించాడు.

"ఇవి లోడు బండికే మంచిగుంటయ్. ఖాళీగ పోతే ఎగిరెగిరి పడతది" అన్నాడు మెకానిక్.

"నా బండి ఖాళీగ ఎప్పుడు నడిచింది?" అని సవరయ్య కస్సుమన్నాడు.

ఆదివారం మాత్రం అతను లోడు ఎత్తడు. అలాంటి ఒక ఆదివారం, చర్చిలో పాట అందుకున్నామో లేదో, పక్క తండా నుంచి బిచ్యా పరుగెత్తుకొచ్చాడు. అతని భార్య గోరికి నొప్పులు మొదలయ్యాయి.

సవరయ్య తాళం తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. దవాఖానా దారంతా గుంతలు. బండి చూస్తే ఖాళీ.

గిరుక్కున తిరిగి మా మీద అరిచాడు. "ఇంకేం చూస్తున్రు? పాస్టరయ్యగారూ, మీరు గూడ! ప్రార్థన బండిల చేద్దాం, ఎక్కుండ్రి!"

పద్నాలుగు మందిమి వెనక చక్రాల మీదికి ఒత్తుకుని కూర్చున్నాం. తండా దగ్గర గోరిని ముందు సీట్లో ఎక్కించుకున్నాక, గుంత వచ్చినప్పుడల్లా "ఎవ్వరు లేవొద్దు!" అని కసిరాడు. బండి పడవలా సాగింది.

దవాఖానా మెట్ల మీద నర్సు మమ్మల్ని చూసి బిత్తరపోయింది. "ఇంతమంది ఏందయ్యా? అందరు చుట్టాలేనా?"

గోరిని మెల్లగా దింపుతూ, తల తిప్పకుండానే చెప్పాడు సవరయ్య.

"కాదమ్మా, లోడు."