బంతిని చూడనివాడి ఓటు

లాడీ ప్రూకా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఫుట్‌బాల్ చూస్తూనే ఉన్నాడు గానీ, బంతిని మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

కళ్ళకేం రోగం లేదు. మొక్కజొన్న చేను అవతల నిలబడ్డ ఆవు ఎవరిదో ఇవతల నుంచే చెప్పగలడు. కానీ మైదానంలో ఒకడు బంతిని చంకలో పెట్టుకుని (అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ చేత్తో ఆడేదే) పరుగు లంకించుకుంటే, జనం తలకాయలన్నీ గాలికి తిరిగిన చేనులా అటే తిరుగుతాయి కదా, లాడీ తలకాయ ఒక్కటీ ఉన్నచోటే ఉంటుంది. ఆ పరుగెత్తేవాడికి దారి చెయ్యడం కోసం ఒకరినొకరు గుద్దుకుని, ఒకరిమీద ఒకరు పడి దొర్లే లావుపాటి పిల్లలు, లైనువాళ్ళంటారు, ఉంటారే, ఆ గుట్టకేసే చూస్తూ కూచుంటాడు. అందరూ లేచి దులుపుకునేదాకా కళ్ళు తిప్పడు. ఈలోగా అవతల ఎవడో గోలు గీత దాటేసి గంతులు వేసేసి ఉంటాడు. లాడీకి అదేం పట్టదు.

మ్యాచి అయ్యాక దారిలో ఎవరైనా, "ఎవరు గెలిచారు లాడీ?" అంటే,

"లైను గెలిచింది," అనేవాడు.

"జట్టు సంగతయ్యా!"

"జట్టు సంగతి నన్నడుగుతావేం? బంతిని చూసినవాణ్ణి అడుగు."

ఇంత ఘనుడూ డోబ్రాన్ ఊరి వారపత్రికలో ఆటల విలేకరి! "ఈ శనివారం మన కాలేజీ ఆడింది. లైనులో ఎడమవైపు గార్డు గోడలా నిలబడ్డాడు. కుడివైపు పిల్లవాడికి బూటు లేసు ఊడింది, పాపం" అని రాసిచ్చేవాడు. ఎవరికెన్ని పాయింట్లో రేడియోవాళ్ళకి ఫోను చేసి కనుక్కుని అచ్చువేసేవాళ్ళే కింద చేర్చుకునేవారు. నెబ్రాస్కా మొత్తం మీద ఇలాంటి పత్రిక ఇంకొకటి లేదని ఊళ్ళోవాళ్ళు సిగ్గుపడుతూనే గర్వపడేవారు.

పళ్ళు లేనివాడికే శనగలు దొరుకుతాయన్నట్టు, ఈయనగారికి ఓటు కూడా ఉంది. ఏటా నవంబరు చివర ఆ చుట్టుపక్కల కాలేజీలన్నిటి నుంచీ మేటి ఆటగాళ్ళను ఏరి ఆల్‌స్టార్ జట్టు కడతారు. ఏరేది పత్రికలవాళ్ళూ రేడియోవాళ్ళూ. ఎంపికైనవాళ్ళు క్రిస్మస్ వెళ్ళాక టెక్సాస్‌లో ఒక పెద్ద మ్యాచి ఆడాలి. ఆ జట్టును ఎలా ఏరాలన్నది ఆల్బీనా వోండ్రా కాఫీ హోటల్లో ఏడాది పొడుగునా తెగని తగువు. మగవాళ్ళకు పనిలేకపోతే ప్రపంచంలో తేలని సంగతులన్నీ కాఫీ బల్లమీదికే వస్తాయి.

"అంకెలు చూడాలి," అనేవాడు మంగలి ఎల్డన్. "ఎన్ని గజాలు పరుగెత్తాడు, ఎన్నిసార్లు గోలు దాటాడు. అంకె అబద్ధమాడదు."

"నువ్వు చెప్పే అంకె ఆడుతుందిలే," అనేవాడు మొక్కజొన్న విత్తనాలమ్మే వర్డెల్. "గెలిచిన జట్టు నుంచే తియ్యాలి. ఓడిన జట్టులో మేటి ఎవడు? మునిగిన పడవలో మంచి చిల్లు ఏదని అడిగినట్టుంది."

"కోచిలకే వదిలెయ్యచ్చుగా?" అనేది ఆల్బీనా, కప్పులు నింపుతూ.

"కోచిలా! తమని ఓడించినవాడికి కోపంతో వెయ్యరు. తమవాడికి సిగ్గుతో వెయ్యరు. మిగిలినవాణ్ణి వాళ్ళు చూసి ఉండరు," అనేవాడు ఎల్డన్.

చివరికి అందరూ లాడీ కేసి తిరిగేవారు. "బంతి లేనిచోట చూడండి," అనేవాడు లాడీ, గసగసాలు పెట్టి కాల్చిన కొలాచీ రొట్టె నములుతూ. "మీరు చప్పట్లు కొట్టేవాడు వంటి మీద మట్టి అంటకుండా వెళ్ళాడంటే, ఆ మట్టి ఇంకెవడో తిన్నాడని." హోటలంతా ఘొల్లున నవ్వేది.

ఆ హోటల్లో ఇంకో ఆచారం ఉంది. లాడీ ఓటు పోస్టులో వేసే ముందు ఊరు తన ఓటు తాను వేసుకుంటుంది. ఒక్కో ఆటగాడి పేరుతో ఒక్కో కప్పు పెడతారు, ఇష్టమైన కప్పులో ఒక మొక్కజొన్న గింజ వెయ్యాలి. ఏటా మనుషుల కంటే గింజలే ఎక్కువ తేలేవి. విత్తనాల వ్యాపారి జేబులు దులిపితే చాలు, ఎవరైనా మేటి ఆటగాడే.

ఆ ఏడు మాత్రం గింజలన్నీ ఒకే కప్పులో పడబోతున్నాయి. ఆల్బీనా కూతురి కొడుకు లూమిర్ కాలేజీ జట్టులో ఎడమవైపు గార్డు. డోబ్రాన్ నుంచి ఆ ఆల్‌స్టార్ జట్టుకి ఎన్నడూ ఎవరూ వెళ్ళలేదు. ఈసారి లూమిర్ వెళ్ళి తీరతాడని పక్క ఊళ్ళవాళ్ళు సైతం ఒప్పుకుంటున్నారు. వర్డెల్ టెక్సాస్‌కి బస్సు కూడా మాట్లాడేశాడు.

ఆల్బీనాకి మాత్రం గుండెల్లో రాయి. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్లవాణ్ణి ఆమే పెంచింది. శనివారమొస్తే ఆమె మైదానానికి పోదు, రేడియో పెట్టదు, వెనక పిండిగదిలో తలుపేసుకుని పిండి పిసుకుతుంది. భయం కొద్దీ ఎంత పిసికేదంటే, శనివారం రొట్టె కొనుక్కున్నవాడు దంతవైద్యుణ్ణి కూడా చూసుకోవాలని ఊళ్ళో సామెత. మ్యాచి కాగానే లాడీ దొడ్డిదారిన వచ్చి, తలుపు తోసి, ఒక్క మాట అనేవాడు.

"లేచాడు."

అప్పుడామె ఊపిరి వదిలేది.

చివరి మ్యాచి నాడు కూడా లాడీ వచ్చాడు. "లేచాడు," అన్నాడు. కానీ వెళ్ళలేదు. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"కాఫీ కావాలా?"

"వద్దు."

"మరేంటి?"

"ఏం లేదు. లేచాడు," అని మళ్ళీ అని వెళ్ళిపోయాడు. ఆల్బీనా పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. లాడీ ప్రూకా కాఫీ వద్దనడం ఆమె ఏనాడూ వినలేదు.

మర్నాడు ఆదివారం భోజనానికి లూమిర్ వచ్చాడు. కిటికీ వెలుతురు కళ్ళలో గుచ్చుతోందని వీపు తిప్పి కూచున్నాడు. కాఫీలో చక్కెర అనుకుని రెండు చెంచాల ఉప్పు కలుపుకుని, కప్పు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాడు. తరవాత గుమ్మం కేసి చూసి, "తాతయ్య ఇంకా పొలం నుంచి రాలేదేం అమ్మమ్మా?" అన్నాడు.

తాతయ్య పోయి రెండేళ్ళు. లూమిరే శవపెట్టె మోశాడు.

"వస్తాడులే, తిను," అంది ఆల్బీనా. ఆ మాట ఎలా అందో ఆమెకే తెలియదు. ఉప్పు డబ్బా తీసి అలమరలో పెట్టేసింది. ఎవరికైనా చెబితే నిజమైపోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. అలసట, అంతే, అనుకుంది. ఆ వారమంతా నిద్ర మాత్రం పట్టలేదు.

ఓటు రోజున లూమిర్ కప్పు పొర్లి గింజలు బల్లమీదికొచ్చాయి. ఏటా లాడీ లేచి తన ఓటు పైకి చదివేవాడు. ఈసారి కోటైనా విప్పకుండా మూల కూచున్నాడు.

"చదవవయ్యా! ఇన్నాళ్ళూ లైను, లైను అని మా చెవులు చిల్లులు పొడిచావు. ఇవాళ ఊరంతా లైనువాడికే వేసింది. నీ పండగరోజయ్యా ఇది!" అన్నాడు ఎల్డన్.

"పోస్టు చేసేశాను," అని లేచి వెళ్ళిపోయాడు లాడీ.

గురువారం రేడియోలో జట్టు పేర్లు చదివారు. లూమిర్ పేరు రాలేదు. ఒకే ఒక్క ఓటు తేడాతో ఇంకో కాలేజీ గార్డు నెగ్గాడు. వర్డెల్ రేడియోవాళ్ళకి ఫోను చేసి కనుక్కుని, ఫోను పెట్టేసి, పాలిపోయిన మొహంతో తిరిగాడు.

"ఆ ఒక్క ఓటూ మన లాడీదే. అవతలివాడికి వేశాడు."

ఎల్డన్ లేచి హోటల్లో రేడియో కట్టేశాడు.

ఆ తరవాత ఊరు చెయ్యవలసిందంతా చేసింది. పలకరింపులు మానేశారు. చర్చిలో అతని పక్క బెంచీ ఖాళీ అయింది. శనివారం పొద్దున లాడీ గడ్డం గీయించుకోవడానికి వెళితే, ఎల్డన్ మర్యాదగా కూచోబెట్టి, నురగ పూసి, ఎడమ చెంప నున్నగా గీసి, తువాలు తీసేశాడు.

"ఇంకో సగం?" అన్నాడు లాడీ.

"నేనూ నీలాగే. చూడదలుచుకున్న వైపే చూస్తాను. లే."

ఆ సగం గడ్డంతోనే లాడీ వీధి దాటి హోటల్లోకొచ్చాడు. కొలాచీ పళ్ళెం అందుకోబోతే ఆల్బీనా వెనక్కి లాగేసింది. అతని చెయ్యి పట్టుకుని పిండిగదిలోకి ఈడ్చుకెళ్ళి తలుపేసింది.

"ఎందుకు చేశావ్?"

"అవతలి కుర్రాడు బాగా ఆడాడు."

"అబద్ధం. నీకు అబద్ధమాడ్డం చేతకాదు. సగం గడ్డంతో అసలే చేతకాదు. చెప్పు."

"మాటిచ్చాను ఆల్బీనా."

"ఎవరికి?"

లాడీ పిండి బస్తా మీద కూలబడ్డాడు. టోపీ చేతిలో తిప్పుతున్నాడు. చివరి మ్యాచి నాడు కాఫీ వద్దన్నప్పుడూ ఇలాగే తిప్పాడు. దాంతో ఆల్బీనా గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"వాడు నా కాఫీలో ఉప్పు కలుపుకుని తాగాడు లాడీ. చచ్చిపోయినవాడికోసం గుమ్మం కేసి చూశాడు. ఇంక నువ్వు దాచేదేముంది?"

అప్పుడు చెప్పాడు. చివరి మ్యాచిలో మన జట్టువాడొకడు బంతితో గోలు దాటాడట, జనమంతా అటు చూసి టోపీలు ఎగరేస్తున్నారట. ఇటు గుట్టలో అందరూ లేచారు, లూమిర్ లేవలేదు. లాడీ లోపల లోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. కాసేపటికి లూమిర్ లేచాడు. లేచి, తిన్నగా నడిచి వెళ్ళి, అవతలి జట్టువాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటుంటే, వాళ్ళ మధ్య భుజాలమీద చేతులేసి నిలబడ్డాడు. వాళ్ళలో ఒక మంచివాడు నెమ్మదిగా తిప్పి పంపించాడు. అంత జనంలో ఒక్కరూ అది చూడలేదు.

"మర్నాడు అడిగాను. నిన్న ఎవరితో ఆడావురా అంటే చెప్పలేకపోయాడు. ఎవరికీ చెప్పొద్దని ఏడ్చాడు. తెలిస్తే పెద్ద జట్లవాళ్ళు ఎవరూ తీసుకోరని. మాటిచ్చాను. కానీ మేటి జట్టులో పడితే టెక్సాస్‌లో మళ్ళీ ఆడాలి. తలకి ఇంకో దెబ్బ తగిలితే..." లాడీ టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెప్పనని మాటిచ్చాను గానీ, ఓటేస్తానని ఇవ్వలేదుగా?"

ఆల్బీనా గోడకానుకుంది. భయం పోలేదు, ఇంకా పెరిగింది. కానీ ఇన్నాళ్ళూ ఆ భయాన్ని తనొక్కతే మోస్తున్నాననుకుంది, ఈ పిచ్చిమారాజు రెండో కొస పట్టుకుని నడుస్తున్నాడన్నమాట.

ఏప్రన్‌తో మొహం తుడుచుకుని, అతని చెయ్యి పట్టుకుని వీధి దాటించి ఎల్డన్ కొట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ సగం ఊరు కూచునే ఉంది.

"మిగతా సగం గీయి."

"చచ్చినా గియ్యను. నీ మనవడి నోట్లో మట్టి కొట్టాడు, నువ్వెలా వెనకేసుకొస్తున్నావ్?"

నిజం చెబితే లూమిర్ బతుకు వీధిన పడుతుంది. ఆల్బీనా నడుం మీద చేతులేసుకుంది.

"వాడికి ఓటెయ్యొద్దని చెప్పింది నేను."

ఎల్డన్ చేతిలో కత్తి ఆగిపోయింది. వర్డెల్ కుర్చీలోంచి లేచాడు.

"సొంత మనవడికా! ఎందుకూ?"

"క్రిస్మస్ సెలవులకి పిల్లాడు నా కళ్ళెదుట ఉండాలి. మీ బస్సు నింపడానికి వాణ్ణి టెక్సాస్ పంపాలా? పాపం లాడీ కాదన్నాడు. కొలాచీలు ఆపేస్తానని బెదిరించాను. ఏం చేస్తాడు?"

అందరూ లాడీ కేసి జాలిగా చూశారు. అది మాత్రం ఎవరికైనా నమ్మదగ్గ సంగతే. ఎల్డన్ నురగ కలిపాడు.

సోమవారం ఆల్బీనా, "నా మోకాళ్ళు చూపించాలి, ఓమహా తీసుకెళ్ళు," అని లూమిర్‌ను బయల్దేరదీసింది. డాక్టరు దగ్గర తన పేరు పిలవగానే మోకాళ్ళామె లేవలేదు, మనవణ్ణి లేపి లోపలికి నెట్టింది. బయటికొచ్చాక వాడు తలొంచుకుని, "నీకెవరు చెప్పారు అమ్మమ్మా?" అన్నాడు.

"ఉప్పు చెప్పింది," అంది.

వసంతం దాకా హెల్మెట్ పెట్టి ఆడకూడదు, చదవకూడదు, చప్పుళ్ళకి దూరంగా బాగా నిద్రపోవాలి, జాగ్రత్తపడితే కుదుటపడతాడు అన్నాడు డాక్టరు. ఆ "పడితే" అన్న మాటను ఆమె దారంతా లోపల తిప్పుకుంటూనే ఉంది.

ఊరు ఆమె హోటలుకి రావడం మానేసింది. అంటే, ఒక పూట మానేసింది. డోబ్రాన్‌లో ఇంకో కాఫీ హోటలు లేదు మరి. మర్నాడు పొద్దున్నే అందరూ మొహాలు మాడ్చుకుని వచ్చి, ఆమెతో మాట్లాడకుండా కప్పులు చాచారు. లాడీకి మాత్రం రాజమర్యాదలు జరుగుతున్నాయి. ఎల్డన్ అతనికి ఆపిల్ 'పై' పలహారం కొనిపెట్టాడు.

లాడీ ఆమె వైపు వంగాడు. "నిజం చెప్పెయ్యనా? నాకు గొంతు దిగడం లేదు."

"నోర్మూసుకుని తిను. నవ్వకు, కనిపెడతారు."

అప్పుడే వర్డెల్ బల్లమీద ఒక్క గుద్దు గుద్దాడు. "మేటి జట్టులో ఉండాల్సినవాణ్ణి పొయ్యి పక్కన కూచోబెట్టావే! నీలాంటి అమ్మమ్మని నేను..."

"గట్టిగా అరవకు," అంది ఆల్బీనా. "లోపల పిల్లాడు పడుకున్నాడు."

అందరూ ఆగి విన్నారు. పిండిగది లోంచి గురక వినిపిస్తోంది, లావుపాటిది, నింపాదైనది. వర్డెల్ గుద్దిన పిడికిలి మెల్లగా విప్పాడు. కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తి ముందుకు జరుపుకున్నాడు. ఆమె మొహంలో మొహం పెట్టి, గుసగుసగా, వాక్యం ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు.

ఆ చలికాలమంతా ఊరు ఊరంతా ఆల్బీనాను కడుపారా తిట్టింది. ఒక్కరైనా గొంతు పెంచి తిట్టలేదు.